రిపోర్టులో నడుము, నొప్పి గజ్జలో

ప్రశ్న: మేం ఉప్పల్‌లో ఉంటాం. మా నాన్నకు 56 ఏళ్లు, ఇరవై ఎనిమిదేళ్లుగా ఆటో నడుపుతున్నారు. మూడు నెలలుగా కుడి గజ్జలో మొదలై తొడ ముందు భాగం మీదుగా మోకాలి దాకా నొప్పి వస్తోంది. ఆటో ఎక్కి దిగేటప్పుడు, బ్రేకు తొక్కేటప్పుడు ఎక్కువ. కింద బాసింపట్టు వేసుకుని కూర్చోలేకపోతున్నారు. ‘ఇది సయాటికా, ఎమ్మారై తీయిస్తే తేలిపోతుంది’ అని మా బాబాయి అంటే, డాక్టరుకు చూపించకుండానే దగ్గర్లోని స్కానింగ్ సెంటర్లో 6,500 రూపాయలు అప్పు తెచ్చి కట్టి నడుముకు తీయించాం. డిస్కులు ఎండిపోయాయని, ఎల్4-ఎల్5 దగ్గర డిస్కు ఉబ్బి ఎడమ వైపు నరాన్ని కొద్దిగా తాకుతోందని, డీ12 పూసలో హిమాంజియోమా ఉందని రిపోర్టు వచ్చింది. ఫోన్‌లో వెతికితే అది గడ్డ అని చూపించింది. కాళ్లు పడిపోతాయేమోనని నాన్న పది రోజులుగా మంచం దిగడం లేదు. ఆయనకు ఆయాసం కూడా ఉంది. ఎప్పుడో రాసిచ్చిన స్టెరాయిడ్ మాత్రలనే మూడేళ్లుగా మందుల షాపులో కొనుక్కుని వేసుకుంటారు. ఆపరేషన్ తప్పదా? అమ్మకు పదిహేనేళ్లుగా ఒంటిపక్క తలనొప్పి. తనకూ తల స్కాన్ తీయిస్తే డబ్బు తగ్గిస్తామని సెంటర్ వాళ్లు అన్నారు. తీయించాలా? స్కాన్ గదిలో నాన్న పక్కన నిలబడిన మా చెల్లికి ఇప్పుడు నాలుగో నెల. రేడియేషన్ తగిలి ఉంటుందా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు మీ చెల్లి సంగతి చెప్తాను. దానికి జవాబు చిన్నది, పైగా ఆ అమ్మాయి ఈ రాత్రికి నిశ్చింతగా నిద్రపోవాలి. ఎమ్మారైలో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. ఒక పెద్ద అయస్కాంతం, రేడియో తరంగాలు, అంతే. సీటీ స్కాన్‌లో ఉండే రేడియేషన్ ఇందులో లేదు. అవసరమైతే గర్భిణులకు కూడా ఎమ్మారై తీస్తాం. కడుపులో బిడ్డ మెదడు ఎదుగుదల మీద అనుమానం వచ్చి, అల్ట్రాసౌండ్‌లో తేలకపోతే తల్లిని ఎమ్మారైకి పంపుతారు. చిత్రం ఇంకా స్పష్టంగా రావడానికి ఇచ్చే కాంట్రాస్ట్ ఇంజెక్షన్ మాత్రం గర్భిణులకు వీలైనంతవరకు ఇవ్వరు. మీ చెల్లి కేవలం పక్కన నిలబడింది, అందువల్ల బిడ్డకు హాని జరుగుతుందనడానికి రుజువు లేదు. ఇంకోసారి అవసరం పడితే మాత్రం బయటే కూర్చోమనండి. ఆ మోత భరించాల్సిన పని తనకు లేదు.

ఇక నాన్నగారు. ఈ హైదరాబాద్‌లోనే ఇరవై ఏళ్లకు పైగా చీకటి గదిలో కూర్చుని ఎమ్మారై చిత్రాలు చదవడమే నా పని. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాటలు మూడున్నాయి. ఆ మూడూ రిపోర్టులో లేవు, మీరు రాసిన దాంట్లో ఉన్నాయి. నొప్పి గజ్జలో మొదలవుతోంది. బాసింపట్టు వేసుకోలేకపోతున్నారు. మూడేళ్లుగా స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటున్నారు. స్కాన్ తీసిన చోట ఈ మూడింటిలో ఒక్కటైనా ఎవరైనా అడిగారా? అడిగి ఉంటే నడుముకు తీసేవాళ్లు కాదేమో.

రిపోర్టులో ఉన్నది ఎడమ వైపు. నాన్నగారి నొప్పి కుడి వైపు. మిమ్మల్ని ఇంత భయపెట్టిన ఆ వాక్యం నాన్నగారి నొప్పికి కారణం కాదనడానికి ఇదొక్కటే చాలా పెద్ద ఆధారం.

ఇంకొంచెం వివరంగా చెప్తాను. నడుములోంచి కాలికి దిగే ఒక్కో నరానికి ఒక్కో దారి ఉంటుంది. ఎల్4-ఎల్5 డిస్కు అంటే నడుములోని నాలుగో, ఐదో పూసల మధ్య ఉండే మెత్త. అది సాధారణంగా నొక్కేది ఎల్5 నరాన్ని. ఆ నరం నొక్కుకుంటే నొప్పి పిరుదులోంచి తొడ, పిక్కల బయటి పక్కగా దిగి పాదం పైభాగానికి, బొటనవేలికి వస్తుంది. ఎక్కువైతే బొటనవేలు పైకి లేవదు. ఆ కింది డిస్కు నొక్కే నరమైతే నొప్పి తొడ, పిక్కల వెనక నుంచి మడమకు, చిటికెన వేలి పక్కకు పోతుంది, మునివేళ్ల మీద నిలబడటం కష్టమవుతుంది. సయాటికా అంటే ఇదీ. మోకాలు దాటి కిందికి రావడం దాని అలవాటు. మీ నాన్నగారి నొప్పి గజ్జలో పుట్టి తొడ ముందు నుంచి మోకాలి దగ్గర ఆగిపోతోంది. అది తుంటి కీలు నొప్పి నడిచే దారి.

రిపోర్టులోని మిగతా మాటలూ చూద్దాం. ‘డిస్కులు ఎండిపోయాయి’ అంటే వాటిలో నీరు తగ్గిందని. నీటిని తెల్లగా చూపించే చిత్రంలో కుర్రవాళ్ల డిస్కు తెల్లగా మెరుస్తుంది, వయసుతో నల్లబడుతుంది. 2015లో ఒక పెద్ద పరిశీలన వచ్చింది. నడుం నొప్పి అసలు లేని 3,110 మంది స్కాన్ ఫలితాలను అందులో కలిపి చూశారు. యాభై ఏళ్ల వయసు వాళ్లలో 80 శాతం మందికి డిస్కులు అరిగి ఉన్నాయి, 60 శాతం మందికి ఉబ్బి ఉన్నాయి. వాళ్లందరూ నొప్పి లేకుండా తిరుగుతున్నవాళ్లే! 1994లోనే అమెరికాలో నొప్పి లేని 98 మందికి నడుము ఎమ్మారై తీస్తే, అన్ని డిస్కులూ బాగున్నవాళ్లు 36 శాతమే తేలారు. ఈ లెక్కన 56 ఏళ్ల ఆటో డ్రైవర్ నడుములో ఒక్క ఉబ్బూ లేకపోతేనే నేను ఆశ్చర్యపోయేవాణ్ని.

హిమాంజియోమా కూడా అంతే. పూస ఎముకలో సన్నని రక్తనాళాలు గుంపుగా ఉండటాన్ని అలా అంటాం. ప్రతి పది మందిలో దాదాపు ఒకరికి ఉంటుంది, చాలామందికి ఉందని కూడా తెలియదు. ‘గడ్డ’ అనే మాట వినగానే క్యాన్సర్ గుర్తొస్తుంది, అది సహజం. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు. కనబడినదాన్ని రిపోర్టులో రాయడం మా బాధ్యత కాబట్టి రాస్తాం. రాసిన ప్రతిదీ జబ్బు అని మా ఉద్దేశం కాదు. ఈ సంగతి మీకు కవరు చేతికిచ్చేటప్పుడే ఎవరైనా చెప్పి ఉండాల్సింది. చెప్పకపోవడం వల్ల ఒక మనిషి పది రోజులు మంచం మీద భయంతో గడిపాడంటే నాకు నిజంగా బాధగా ఉంది.

కాబట్టి ఈ రిపోర్టును బట్టి నడుముకు ఆపరేషన్ అవసరం లేదు. నిజంగా డిస్కు నరాన్ని నొక్కినా, చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో మందులతో, వ్యాయామంతో తగ్గుతుంది. అయితే కొన్ని లక్షణాలు ఎవరికి కనిపించినా ఆ రోజే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి: మూత్రం ఆగిపోవడం, లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ మొద్దుబారడం, కాళ్ల బలం రోజురోజుకూ తగ్గడం. అప్పుడు ఎమ్మారై కూడా అదే రోజు తీయాలి, ఆలస్యమైతే పోయిన పట్టు తిరిగి రాకపోవచ్చు. మీ ఉత్తరంలో అవేవీ లేవు.

మరి తుంటి సంగతి. నాకున్న అనుమానం ఏవీఎన్ అనే జబ్బు మీద, పూర్తి పేరు ఎవాస్క్యులర్ నెక్రోసిస్. తొడ ఎముక పైకొన గుండ్రంగా బంతిలా ఉంటుంది, దానికి రక్తం తెచ్చే నాళాలు చాలా సన్నవి. ఎక్కువకాలం స్టెరాయిడ్లు వాడినవాళ్లలో, మద్యం బాగా తాగేవాళ్లలో, తుంటి దగ్గర దెబ్బ తగిలినవాళ్లలో ఆ రక్తం అందక బంతిలోని ఎముక చచ్చిపోతుంది. కోవిడ్‌లో స్టెరాయిడ్లు వాడిన తర్వాత ఈ జబ్బు పట్టుకున్నవాళ్లను మన ఊళ్లో చాలామందిమి చూశాం. అదే అని నేను తేల్చి చెప్పడం లేదు. మనిషిని చూడకుండా చెప్పకూడదు కూడా. మామూలు కీళ్ల అరుగుదల కావచ్చు, గజ్జలో హెర్నియా కావచ్చు. కానీ ఇది వెతకాల్సిన జబ్బు, త్వరగా వెతకాల్సిన జబ్బు.

ఎందుకు త్వరగా అంటే, ఎమ్మారై గొప్పతనం అసలు కనబడేది ఇక్కడే. ఎక్స్‌రేకు కనిపించేది కాల్షియం. ఎముక లోపల మూలగ చచ్చిపోయినా పైన కాల్షియం గూడు కొన్ని నెలలు అలాగే నిలబడి ఉంటుంది, అందుకని మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే వస్తుంది. గూడు కుంగిపోయాక కనిపిస్తుంది, అప్పటికి ఆలస్యమైనట్టే. ఎమ్మారై చూసేది నీటిలో, కొవ్వులో ఉండే హైడ్రోజన్‌ను. మటన్‌లో నల్లి బొక్క కొట్టి పీలిస్తే వచ్చే మూలగ తెలుసు కదా, అది చాలావరకు కొవ్వే. మన తుంటి బంతిలోనూ ఉండేది అదే. అది బతికున్నంతకాలం ఎమ్మారైలో ఒక రంగులో ఉంటుంది. చచ్చిపోయిన భాగం చుట్టూ గీత గీసినట్టు అంచు కనబడుతుంది. ఎక్స్‌రేలో ఏమీ లేని రోజున కూడా ఆ గీత నేను స్పష్టంగా చూస్తాను. ఆ దశలో దొరికితే ఎముకలోకి సన్నని రంధ్రం చేసి లోపలి ఒత్తిడి తగ్గించే చిన్న ఆపరేషన్‌తో చాలామందిలో బంతిని కాపాడే అవకాశం ఉంటుంది. కుంగిపోయాక తుంటి మార్పిడే దారి. అదీ మంచి ఆపరేషనే, కానీ అక్కడిదాకా ఎందుకు రానివ్వాలి?

ఇప్పుడు మీరు చేయాల్సింది చెప్తాను. వెంటనే ఇంకో ఎమ్మారైకి పరుగెత్తకండి. ముందు ఎముకల డాక్టరుకు చూపించండి. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు మడిచి, కాలిని లోపలికి తిప్పి చూస్తారు. తుంటిలో లోపం ఉంటే కాలు పూర్తిగా తిరగదు, గజ్జలో చురుక్కుమంటుంది. రెండు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. తర్వాత రెండు తుంటి కీళ్లూ కనబడేలా ఎక్స్‌రే. అందులోనే తేలితే సరే. ఎక్స్‌రే మామూలుగా వచ్చి, డాక్టరుకు ఇంకా అనుమానం ఉంటే అప్పుడు తుంటికి ఎమ్మారై. ఒక స్కాన్‌లో రెండు తుంటి కీళ్లూ వస్తాయి. రెండూ చూడటం ముఖ్యం, ఎందుకంటే స్టెరాయిడ్ల వల్ల వచ్చే ఏవీఎన్ చాలాసార్లు రెండో వైపు కూడా చడీచప్పుడు లేకుండా ఉంటుంది.

ప్రైవేటులో మళ్లీ అప్పు చేయనక్కర్లేదు. గాంధీ, ఉస్మానియా, నిమ్స్ ఎక్కడైనా ఎముకల ఓపీ ఉంది. ఉప్పల్ నుంచి మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్స్ దగ్గర రైలు మారితే గాంధీ ఆసుపత్రి స్టేషన్‌లోనే దిగవచ్చు, మెట్లెక్కకుండా లిఫ్టు వాడండి. పొద్దున్నే వెళ్లాలి, లైన్‌లో నిలబడాలి, మీరో చెల్లో ఒకరు ఆ రోజు సెలవు పెట్టుకోవాల్సి రావచ్చు. డాక్టరు చూసేదాకా నాన్నగారు మంచం మీదే ఉండాల్సిన పనిలేదు. ఇంట్లో నడవచ్చు, పక్షవాతం రాదు. బరువులు మోయడం, గొంతుక్కూర్చోవడం వద్దు. చేతికర్ర వాడితే మంచిది, అదీ ఎడమ చేత్తో పట్టుకోవాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, అలా పడితే కీలు మీద భారం తగ్గదు.

స్టెరాయిడ్ మాత్రల గురించి గట్టిగా చెప్తున్నాను: ఇది చదివి భయపడి రేపటి నుంచి మానేయకండి. మూడేళ్లు వాడిన శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారీని తగ్గించేసుకుని ఉంటుంది. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఊపిరితిత్తుల డాక్టరును కలిస్తే కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఇన్‌హేలర్‌కు మారుస్తారు. ఇన్‌హేలర్‌లో మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, ఎముకల దాకా చేరేది చాలా తక్కువ. మాత్ర పేరు, రోజుకు ఎంత, ఎన్నాళ్లుగా అన్నది ఒక కాగితం మీద రాసి ఎముకల డాక్టరుకూ చూపించండి.

ఇంత చెప్పాక ఎమ్మారై అంటే డబ్బు దండగ అని మీకు అనిపించకూడదు. దానంత సాయం చేసిన పరికరం నా వృత్తిలో ఇంకోటి లేదు. 1973లో పాల్ లాటర్‌బర్ మొదటి బొమ్మ తీసిన పద్ధతికి పీటర్ మాన్స్‌ఫీల్డ్ లెక్కలు తోడై, వాళ్లిద్దరికీ 2003లో నోబెల్ వచ్చింది. అంతకుముందు మెదడునూ వెన్నుపామునూ కోయకుండా ఇంత వివరంగా చూసే దారి డాక్టర్లకు లేదు. మన దగ్గర దాని విలువ నాకు బాగా తెలిసేది వెన్నెముక టీబీలో. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలోంచి లేపే వెన్ను నొప్పి అని చీటీలో రాసి పంపితే, పక్కపక్క రెండు పూసలు, మధ్యలో డిస్కు, పక్కన చీము, అది వెన్నుపామును ఎంత నొక్కుతోంది అన్నీ కనిపిస్తాయి. ఎక్స్‌రేలో కనబడాలంటే ఎముక బాగా తినేయాలి. ముందే దొరికితే చాలామందికి మందులతో నయమవుతుంది, కాళ్లు దక్కుతాయి. ‘నడుం నొప్పి’ అని మాత్రమే రాసి వచ్చిన స్కాన్‌కూ, ‘రెండు నెలలుగా జ్వరం, ఎనిమిది కిలోలు తగ్గారు’ అని రాసి వచ్చిన స్కాన్‌కూ నేను చూసే చూపే వేరుగా ఉంటుంది. ఎక్కడ ఇంకొన్ని చిత్రాలు తీయాలో, ఇంజెక్షన్ ఇవ్వాలో వద్దో ఆ చీటీయే చెబుతుంది.

మూర్ఛ మొదటిసారి వచ్చినప్పుడు కూడా అంతే. మెదడులో బద్దె పురుగు నీటితిత్తి ఉందా, టీబీ గడ్డ ఉందా, చిన్నప్పటి మచ్చ ఉందా అన్నది ఎమ్మారై బాగా చూపిస్తుంది. బద్దె పురుగు గుడ్లు కడగని ఆకుకూరల ద్వారా శాకాహారులకూ చేరతాయి, కాబట్టి మాంసం తినని ఇంట్లో ఇది ఉండదనుకోవద్దు. పక్షవాతంలో సీటీ ఇంకా మామూలుగా ఉన్న తొలి గంటల్లోనే దెబ్బతిన్న మెదడు భాగం ఎమ్మారైలో తెల్లగా వెలుగుతుంది. అయినా మూతి వంకర పోయి, చేయి పడిపోయి, మాట తడబడితే మీరు వెళ్లాల్సింది స్కానింగ్ సెంటర్‌కు కాదు, ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రికి. రక్తస్రావం ఉందో లేదో నిమిషాల్లో చెప్పే సీటీ ముందు తీస్తారు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు గడువు నాలుగున్నర గంటలే. ఇవి కాక మోకాలి లిగమెంట్లు, పిత్తనాళంలో రాయి, ప్రొస్టేట్, పెద్దపేగు చివర క్యాన్సర్ ఎంత లోతుకు పోయిందో చూడటం, ఇలా చాలా ఉన్నాయి. ఊపిరితిత్తులకు మాత్రం మామూలుగా సీటీయే మేలు, పిత్తాశయంలో రాళ్లకు అల్ట్రాసౌండ్ చాలు.

అమ్మగారి తలనొప్పి గురించి. పదిహేనేళ్లుగా ఒకే తీరులో ఒంటిపక్క వస్తున్న నొప్పి ఎక్కువగా మైగ్రేన్ అయి ఉంటుంది. వాంతులు అవుతాయా, వెలుతురు పడదా, చీకట్లో పడుకుంటే తగ్గుతుందా అని అడగండి. మైగ్రేన్‌ను గుర్తుపట్టేది ఈ ప్రశ్నలతోనే, ఎమ్మారైలో అది కనబడదు. తగ్గింపు ఇస్తున్నారని తీయిస్తే ఏదో ఒక చిన్న తెల్లచుక్క దొరుకుతుంది, నాన్నగారి హిమాంజియోమాలాగే అమ్మను భయపెడుతుంది. డబ్బు తగ్గడం స్కాన్ తీయించడానికి కారణం కాదమ్మా. నొప్పి తీరు మారితే మాత్రం ఆగకండి. జీవితంలో ఎన్నడూ రానంత నొప్పి పిడుగులా ఒక్కసారిగా వస్తే, జ్వరంతో మెడ పట్టేస్తే, చూపు మసకబారితే, ఫిట్స్ వస్తే, తెల్లవారుజామున నొప్పితో లేచి వాంతులవుతుంటే వెంటనే డాక్టరు దగ్గరికి. ఏ స్కాన్ కావాలో ఆయన రాస్తారు.

నాన్నగారికి తుంటి ఎమ్మారై అవసరమే అయితే, వెళ్లే ముందు కొన్ని జాగ్రత్తలు. ఆ అయస్కాంతం స్కాన్ జరగనప్పుడు కూడా పనిచేస్తూనే ఉంటుంది. 1.5 టెస్లా మిషన్ అంటే భూమి అయస్కాంత శక్తికి దాదాపు 30 వేల రెట్లు. 2018లో ముంబయిలో రోగితో వెళ్లిన బంధువు ఒకాయన చేతిలో ఆక్సిజన్ సిలిండర్‌తో ఆ గదిలోకి అడుగుపెట్టి ప్రాణం పోగొట్టుకున్నాడు. అందుకే తాళాలు, ఫోన్, బెల్టు, మొలతాడులో ఇనుప పిన్ను, అమ్మ వెంట వస్తే హెయిర్‌పిన్నులు, మెట్టెలు అన్నీ బయటే. పేస్‌మేకర్, మెదడులో క్లిప్, చెవిలో ఇంప్లాంట్, వెల్డింగ్ పనిలో కంట్లో పడిన ఇనుప రజను, వీటిలో ఏది ఉన్నా అడగకపోయినా మీరే చెప్పాలి. మామూలుగా ఏవీఎన్ కోసం కాంట్రాస్ట్ ఇంజెక్షన్ అక్కర్లేదు. ఇస్తామంటే ఎందుకని అడగండి, కిడ్నీ పరీక్ష క్రియాటినిన్ చూశారా అని కూడా అడగండి. సొరంగంలో ఊపిరాడనట్టు అనిపిస్తుందేమో, ఆయాసం ఉన్న మనిషి కాబట్టి ముందే చెప్పండి. చేతికి బెల్ ఇస్తారు, నొక్కితే బయటికి తీస్తారు.

పాత ఫిల్ములు, సీడీ పారేయకండి. ఆ నడుము స్కాన్‌లో తుంటి కనిపించదు కానీ, నడుములో ప్రమాదం లేదని ఎముకల డాక్టరుకు చెప్పడానికి పనికొస్తుంది. ఎక్స్‌రేలో ఏం వచ్చిందో నాకు రాయండి. ఈలోగా ఈ ఉత్తరం నాన్నగారికి చదివి వినిపించండి, రిపోర్టులో ‘ఎడమ’ అని ఉన్న చోట వేలు పెట్టి చూపించండి.